ఉప్పునీళ్ళలో బుడగలు

మొన్న శనివారం మా కోడలు గుంటూరు వెళ్ళి గడ్డం కింద లేజరు చేయించుకుని వచ్చింది. తెనాలిలో మా గుమ్మం ముందు కారు ఆగగానే ముందు మావాడు దిగాడు, భుజానికి పెళ్ళాం హ్యాండ్‌బ్యాగు, చేతిలో ఏదో చల్లటి జెల్లు ట్యూబు. గంటన్నరసేపు క్లినిక్కు బయట కుర్చీలో కూర్చుని ఆమె కోసం కాచుకున్నాడట. కోడలు వచ్చి నాకు కుడివైపున కూర్చుంది, ఎందుకంటే నా ఎడమ చెవి పనిచేయదని ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకు పనిచేయదో మాత్రం ఎవరికీ తెలియదు. "రబ్బరుబ్యాండుతో కొట్టినట్టు చురుక్కుమంది అత్తయ్యా, ఇంకా ఆరుసార్లు వెళ్ళాలంట" అని గడ్డం ఎత్తి చూపించింది. కాస్త ఎర్రబడింది, అంతే. నేను నవ్వి, వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగాను. ముప్ఫై అయిదేళ్ళ పైమాటే, ఇంకో ఆడదాని గడ్డం కింద పదిహేడు నల్లచుక్కలు నా చేత్తో నేనే పొడిచాను, అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

మన ఈడు ఆడవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, గడ్డం మీద వెంట్రుకలు మొలిచే ఆడమనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉండేవాళ్ళు, నవ్వినా ఏడ్చినా కొంగు గడ్డం మీదికి లాక్కునేవాళ్ళు. నలుగుపిండి పెట్టి తోలు లేచిపోయేలా రుద్దుకునేవాళ్ళు, దారం మెలేసి పీకించుకునేవాళ్ళు, బూడిద అద్ది గోళ్ళతో లాగేవాళ్ళు, మడమలు తోముకునే రాయితో గీకేవాళ్ళు, రక్తం వస్తే ఇంత పసుపు అద్దుకుని పనిలో పడేవాళ్ళు. ఇంకొకటి కూడా మనకి గుర్తే. మన వాళ్ళంతా పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు, మా నాన్న చింతబరికె విరిగేదాకా కొట్టేవాడు, మా మాస్టారు గోడకుర్చీ వేయించేవాడు అని చెప్పుకుని పగలబడి నవ్వుతారు చూడండి, నాకు ఒళ్ళు మండుకొస్తుంది. ఏం నవ్వు అది? రేపల్లెలో చర్చి బడి మాస్టారుగా ఉండే మా నాన్న బల్ల మీద ఒకవైపు బైబిలు, ఇంకోవైపు బెత్తం ఉండేవి, ఆ బెత్తం రుచి ఎక్కువగా చూసింది మా అన్నయ్య. వాడి వీపు మీద తట్లు తేలిన వాతలకి కొబ్బరినూనె రాసింది నేనే, వాడు నా చేతి మీద వాలి వెక్కివెక్కి ఏడ్చిందీ నాకు గుర్తే. ఆ దెబ్బలన్నీ వాడు ఎక్కడికీ పోనీయలేదు, ఒక్కొక్కటీ లోపల పెట్టుకున్నాడు. పెద్దవాడై బాపట్లలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారయ్యాడు, మెళ్ళో విజిలు, తెల్ల బూట్లు, ఊరంతా మంచి క్రమశిక్షణ గల మాస్టారని పేరు.

మా వదినది భట్టిప్రోలు. మంచి ఎత్తు, నెమ్మదైన మనిషి, చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక బెంచీల దాకా వినపడేది. పెళ్ళయిన వారానికి ఆమె గడ్డం మీదా కిందా నలభై యాభై నల్లటి వెంట్రుకలున్నాయని అన్నయ్య చూశాడు. పెళ్ళికి ముందు వాళ్ళమ్మ పీకి పంపించిందట, అవి మళ్ళీ మొలిచాయి. ఆవేళ మొదలయిన దెబ్బలు రెండేళ్ళపాటు ఆగలేదు. తనని మోసం చేసి మగరాయుణ్ణి అంటగట్టారని వాడి కసి. ఏదైనా తేడా వస్తే అన్నంపళ్ళెం మొహాన పడేది, జుట్టు చేతికి చుట్టుకుని గోడకేసి కొట్టేవాడు. చర్చిలో ఎవరైనా అడిగితే నూతి గట్టు దగ్గర కాలు జారి పడ్డానండీ అనేది వదిన. ఇన్నిసార్లు ఆ నూతి దగ్గరే ఎందుకు జారుతున్నావమ్మా అని ఏ ఒక్క మహాతల్లీ అడగలేదు, నాతో సహా.

ఒక శనివారం నేను బాపట్ల వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. పెరట్లో పీట వేసి వదినని కూర్చోబెట్టి, ఎడమచేత్తో దవడ గట్టిగా నొక్కిపట్టి, తన గడ్డం గీసుకునే కత్తితోనే ఆమె గడ్డం గీస్తున్నాడు అన్నయ్య. సబ్బు కూడా పెట్టలేదు. "కదిలితే తెగుద్ది, నీ ఇష్టం" అంటున్నాడు, పిల్లలకి డ్రిల్లు చెప్పినంత తాపీగా. ఆమె కదల్లేదు, అయినా తెగింది. రక్తం మెడ మీదుగా జాకెట్టులోకి దిగుతుంటే గుడ్లప్పగించి ఆకాశం కేసి చూస్తూ కూర్చుంది. ప్రతి శనివారం ఇదే తంతట, ఆదివారం చర్చికి నున్నటి పెళ్ళాంతో వెళ్ళాలి కదా మాస్టారు! గీస్తే గరుకుగా వస్తాయి కనుక ఆమెకి అవి మరింత ముదురుగా కనపడేవి, దానికీ దెబ్బలే. నేను రేపల్లె వెళ్ళి మా అమ్మతో చెప్తే, ఓర్చుకోవాలి, ఆడదన్నాక ఓర్చుకోవాలి అంది. నాకు ఆ మాట వింటేనే అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ మాట నేనే వదినతో అంటానని అప్పుడు అనుకోలేదు.

ఎనభైల చివర అది. నేను తెనాలిలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గర పని చేస్తున్నాను. డాక్టరమ్మ పెళ్ళి చేసుకోలేదు, యాభై దాటిన మనిషి, మద్రాసులో చదువుకుని వస్తూ వస్తూ వెంట్రుకలు శాశ్వతంగా తీసే కరెంటు మిషను ఒకటి తెచ్చుకుంది. రేడియోపెట్టె అంత ఉండేది అది, ముందువైపు ఒక మీటరు, తిప్పే బిరడాలు రెండు, కింద కాలితో నొక్కే ఇనప పెడలు. ఆ పని నాకు నేర్పడానికి ఆవిడకి ఏడాది పట్టింది. సూది వెంట్రుకంత సన్నంగా ఉంటుంది, దాన్ని చర్మంలోకి గుచ్చకూడదు, వెంట్రుక ఏ వాలున మొలిచిందో ఆ వాలునే, అది బయటకు వచ్చే రంధ్రంలోకి, కుదురు దాకా జార్చాలి. సరిగ్గా జారిస్తే మనిషికి సూది దిగినట్టే తెలియదు, ఇంత వంకర పోయిందంటే కెవ్వుమంటుంది. అప్పుడు కాలితో పెడలు నొక్కితే కరెంటు వెళ్ళి ఆ కుదురుని చంపుతుంది. చంపడమే, మరో మాట లేదు, దయగా చంపడం ఎలాగో ఆవిడ నాకు నేర్పింది.

చంపడానికి రెండు పద్ధతులు. ఒకటి వేడి పద్ధతి, గోడ కరెంటుతో నడుస్తుంది. ఆ కరెంటు రేడియో అలల్లాగా క్షణానికి లక్షలసార్లు ఊగుతుంది, ఆ ఊపుకి కుదురు చుట్టూ ఉన్న తడి కాగిపోయి కుదురు ఉడికిపోతుంది, సూది మాత్రం వేడెక్కదు, అంతా రెండు మూడు సెకన్ల పని. రెండోది సోడా పద్ధతి. దీనికి బ్యాటరీలాంటి నిలకడ కరెంటు కావాలి. మన ఒంట్లో ఉన్నవి ఉప్పూ నీళ్ళే కదా, సూదికి మైనస్ తగిలించి, మనిషి చేతికి తడిగుడ్డ చుట్టిన ఇత్తడి కడ్డీ ఇచ్చి దానికి ప్లస్ తగిలిస్తే, ఆ ఉప్పూ నీళ్ళూ విడిపోయి సూది చివర రవ్వంత కాస్టిక్ సోడా పుడుతుంది, సబ్బులు చేసే సోడాయే. అది కుదురుని కరిగించేస్తుంది. వెంట్రుకకి నిమిషం పడుతుంది, కాని మొండి కుదుళ్ళకి ఇదే గట్టి మందు. రెండూ కలిపి ఒకే సూదిలో పంపే పద్ధతి కూడా ఉంది, డాక్టరమ్మకి అదంటే ఇష్టం. ఏ పద్ధతిలోనైనా గుర్తు ఒకటే, కుదురు చచ్చిందంటే వెంట్రుక పట్టుకారుకి లాగకుండానే జారి వచ్చేస్తుంది, లాగవలసి వచ్చిందంటే పని అవలేదన్నమాట. ఒకేసారి అన్నీ పోవు, ఇవాళ కనపడేవి కొన్ని, చర్మం కింద నిద్రపోయేవి కొన్ని, అవి లేచి వచ్చినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ వెయ్యాలి, ఏడాది, ఏడాదిన్నర.

వదినని నేనే రమ్మన్నాను. బుధవారం స్త్రీల సమాజం కుట్టుపని అని చెప్పి బాపట్లలో పొద్దున పాసింజరు ఎక్కేది, మధ్యాహ్నం పాసింజరుకి వెనక్కి వెళ్ళిపోయేది, స్కూలు వదిలే వేళకి వంటింట్లో ఉండేది. డాక్టరమ్మ ఆమె మెడ మీద కత్తి గాట్లు చూసి ఒక్క మాట అడగలేదు, నాతో మాత్రం ఈ అమ్మాయి పని నువ్వు చెయ్యి, నీ చెయ్యి తేలిక అంది. ఆరు నెలల్లో తేడా తెలిసింది. ఏడాది దాటేసరికి గడ్డం పక్కలు నున్నబడ్డాయి, శనివారం కత్తి రెండు వారాలకొకసారి అయింది, తరువాత నెలకొకసారి అయింది. ఏం రాస్తున్నావని అన్నయ్య అడిగితే కస్తూరి పసుపండీ అని చెప్పిందట. కాని వాడు ఊరుకునే రకమా? వచ్చే క్రిస్మస్‌కి నీ మొహం మీద ఒక్క వెంట్రుక కనపడినా భట్టిప్రోలులో దింపేసి వేరే పెళ్ళి చేసుకుంటాను, దింపేముందు గడ్డం తోలు ఒలిచి దింపుతాను అన్నాడు. తోలు ఒలుస్తానన్నది ఉత్తమాట కాదని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. దసరా నాటికి గడ్డం కింద పదిహేడు మిగిలాయి, అవి అన్నింటికన్నా మొండివి. ఆ పదిహేడూ పోతే వదిన బతికి బయటపడినట్టే.

ఇప్పుడు బ్యాటరీ సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో తెనాలిలో మధ్యాహ్నం కరెంటు పోయేది, అందుకని డాక్టరమ్మ ఒక కారు బ్యాటరీ కొని సోడా పద్ధతికి వాడేది. అది పదిహేను రోజులకోసారి ఛార్జింగు షాపుకి రిక్షాలో వెళ్ళి వచ్చేది. ఏది ప్లస్సో పొరపాటు పడకుండా ప్లస్ కొమ్ము మీద ఎర్ర గోళ్ళరంగు పూసి పెట్టింది ఆవిడ. అది చాలదని ఇంకో నియమం పెట్టింది. బ్యాటరీ తగిలించిన ప్రతిసారీ ఒక కప్పులో ఉప్పునీళ్ళు కలిపి రెండు తీగల చివర్లూ అందులో ముంచాలి, ఏ తీగ దగ్గర బుడగలు బుసబుసా వస్తాయో అదే మైనస్, అదే సూదికి వెళ్ళాలి. రెండు నిమిషాల పని. తలకిందులైతే ఏమవుతుందో కూడా చెప్పింది, సూదికి ప్లస్ తగిలితే సోడాకి బదులు ఆమ్లం పుడుతుంది, సూదిలో ఇనుము కరిగి చర్మంలోకి దిగిపోతుంది, పచ్చబొట్టే అవుతుంది, జన్మలో పోదు అని. ఈ పరీక్ష చెయ్యకుండా సూది ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానే అనేది నవ్వుతూ. ఆవిడ ఎవరినీ కొట్టి ఎరగదు.

దసరా వెళ్ళిన బుధవారం బ్యాటరీ షాపునుంచి అప్పుడే వచ్చింది. షాపువాళ్ళు ఆయుధపూజ చేసుకున్నారు, షాపులో ఉన్న బ్యాటరీలన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు, మా దానికీ పెట్టారు. పూజకి ముందు కొమ్ములు శుభ్రంగా ఉండాలని గరుకు కాగితంతో రుద్దేసి గ్రీజు పూశారు, ఆ రుద్దుడికి గోళ్ళరంగు పోయింది. రెండు కొమ్ములకీ పెట్టిన కుంకుమలో, రిక్షా కుదుపులకి ఒకదాని మీదిది రాలిపోయింది, రెండోదాని మీదిది గ్రీజులో అంటుకుపోయి ఎర్రగా మిగిలింది. మిగిలింది మైనస్ మీద. మా ఇంట్లో ఆయుధపూజ లేదు, ఆ ఎరుపు గోళ్ళరంగు కాక కుంకుమ అయి ఉంటుందని నా మట్టిబుర్రకి తట్టలేదు. ఎర్రదానికి ప్లస్ తీగ తగిలించేశాను.

ఉప్పునీళ్ళ పరీక్ష? చెయ్యలేదు.

మీటరు ముల్లు కదలకుండా సున్నా దగ్గరే బిగుసుకుపోయింది, అది మొరాయించడం మామూలే కనుక రెండు మొట్టికాయలు వేసి వదిలేశాను. వెంట్రుకలు జారి రాలేదు, లాగవలసి వచ్చింది. వదిన ఎన్నడూ కదలనిది మొదటి దానికే చెయ్యి బిగబట్టింది, "ఇయ్యాల వేరేగా మండుతోంది అమ్మాయ్" అంది. గోళ్ళు ఇత్తడి కడ్డీ మీది తడిగుడ్డలోకి దిగిపోతున్నాయి. "ఓర్చుకో వదినా, ఇవే ఆఖరు" అన్నాను నేను. ఇన్ని సూచనలు కనపడుతున్నా నా చేతులు టకటకా నడిచిపోయాయి. పదిహేడూ పూర్తి చేసి, ఆమెని రిక్షా ఎక్కించి, నేను నా పని మీద వెళ్ళిపోయాను.

మొదట ఎర్రబడ్డాయి, తరువాత పక్కులు కట్టాయి. పక్కులు రాలాక, రాలిన చోటల్లా ఆవగింజంత నల్లచుక్క. మరుసటి బుధవారం వదిన కొంగు తీసి చూపించింది. డాక్టరమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దంతో చూసి, నా కేసి తిరిగి, ఉప్పునీళ్ళలో చూశావా అని అడిగింది. చూశానమ్మగారూ అన్నాను. చూసి ఉంటే అలా జరగదని ఆవిడకి తెలుసు. భూతద్దం ఒరలో పెట్టేసి, సరే అంది. ఆ సరే నన్ను ఎవరు కొట్టిన దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

పదిహేను రోజులు వదిన పసుపు పూసుకుని దాచింది. ఒక ఆదివారం చెమటకి పసుపు కారిపోయింది. సోమవారం పొద్దున్న పాసింజరు నిండా జనం చూస్తుండగా, ఆమె మణికట్టు పట్టుకుని ఈడ్చుకుంటూ తెనాలి తీసుకొచ్చాడు అన్నయ్య. ఎవరు చేశారో చెప్పమని రాత్రంతా కొడితే ఆమె ఆసుపత్రి పేరు చెప్పింది కాని నా పేరు చెప్పలేదు. నేను ఏ ఆసుపత్రిలో పనిచేస్తానో వాడు ఏనాడూ అడిగి ఎరగడు. ఆమె కింది పెదవి చీలిపోయి ఉంది, ఒక కన్ను మూసుకుపోయింది. ఆరేడుగురు రోగులు బెంచీ మీద ఉన్నారు. వాడు తలుపు కాలితో తన్నుకుని వచ్చి, "ఎవర్తే దీనికి పచ్చబొట్లు పొడిచింది?" అని అరిచాడు. మెళ్ళో విజిలు అలాగే వేలాడుతోంది.

నేను లోపలిగదిలో కర్టెను వెనకాల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. చెప్పాలి. చెప్పలేదు. చిన్నప్పుడు నాన్న బెత్తం తీసినప్పుడు ఎలా కొయ్యబారిపోయేదాన్నో అలాగే అయిపోయాను. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "నేనే బాబూ. ఇది నా ఆసుపత్రి, ఇవి నా చేతులు" అంది. వాడు మిషను రెండు చేతులతో ఎత్తి నేలకేసి కొట్టాడు, మీటరు అద్దం గది నాలుగు మూలలకీ చిమ్మింది. ఏ చేత్తో పొడిచావంటూ ఆవిడ కుడి మణికట్టు పట్టుకుని బల్ల అంచు మీద పెట్టి విరిచాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు అది, బయట రోడ్డు మీది జనానికి కూడా వినపడిందన్నారు. ఆవిడ మోకాళ్ళ మీద కూలబడిపోయింది. బెంచీ మీద కూర్చున్న మగాళ్ళు లేచి గుమ్మం దాకా పరుగెత్తి, అక్కణ్ణుంచి తొంగిచూశారు.

తరువాత వాడు వదిన దవడ పట్టుకున్నాడు, శనివారాలు పట్టుకున్నట్టే. మిషనుతోపాటు కిందపడ్డ సామానులోంచి ఒక బ్లేడు తీశాడు. "ఏవీ, నేనే గీకేస్తా" అన్నాడు. మొదటి చుక్క మీద పెట్టి లాగాడు, చర్మం లేచింది. అప్పుడు వచ్చింది నా నోటికి మాట. "అన్నయ్యా, నేనే! నేనే చేశాను, ఆవిడ కాదు, తీగలు నేనే తలకిందులు పెట్టాను, నన్ను కొట్టు!" అని కర్టెను చించుకుని వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడు నా మొహం చూసి ఒక్క క్షణం ఆగాడు. వాడి వీపుకి నూనె రాసిన చెల్లెల్ని నేనని గుర్తొచ్చిందేమో అనుకుంటాను, ఇప్పటికీ అలాగే అనుకోవాలనుంది. ఆ క్షణం అయిపోయింది. అరచెయ్యి అంతా తెరిచి నా ఎడమ చెవి మీద కొట్టాడు. లోపల ఏదో టప్పుమని పగిలి, వేడిగా మెడ మీదికి కారింది. ఆ తరువాత గదిలో జరిగిందంతా నేను ఒక్క చెవితోనే విన్నాను.

వదిన లేచింది. మేం కూర్చుని పనిచేసే ఇనప స్టూలు ఒకటుండేది, గుండ్రంగా తిరిగేది, ఎత్తడం ఇద్దరికి కాని కుదిరేది కాదు. దాన్ని కాళ్ళు పట్టుకుని ఒక్కతే ఎత్తింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది, బ్లేడు జారిపోయింది. వాడు తిరిగి చూసేలోపు రెండోది తల మీద పడింది. గోడ పట్టుకుని వాడు కిందికి జారిపోతే, గోడ మీద నెత్తుటి గీత ఒకటి వాడితోపాటు దిగింది. వదిన మూడోసారి ఎత్తింది. ఆమె మొహం చూస్తే నాకు భయం వెయ్యలేదు, నిజం చెబుతున్నాను, వెయ్యి వెయ్యి అని లోపల్లోపల అరుస్తున్నాను. "చాలమ్మా, ఇంక చాలు" అంది నేలమీంచి డాక్టరమ్మ, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. వదిన స్టూలు దింపి, దాని మీదే కూర్చుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంది. గడ్డం మీది నెత్తురు తుడుచుకోలేదు.

అన్నయ్య బతికాడు, పదకొండు కుట్లు పడ్డాయి. పోలీసు వచ్చి అడిగితే డాక్టరమ్మ ఎడమచేత్తో రిజిస్టరులో వంకరటింకరగా రాసింది, మెట్లమీంచి కాలు జారి పడుట వలన అని. వదిన రెండేళ్ళు చెప్పిన అబద్ధమే అది. స్పృహలోకి వచ్చాక అన్నయ్య కూడా అవునండి, జారి పడ్డానండి అన్నాడు, డ్రిల్లు మాస్టారు పెళ్ళాం చేతిలో దెబ్బలు తిన్నాడని బాపట్లలో తెలిస్తే ఇంకేముంది? ఉద్యోగం వదులుకుని రేపల్లెలో మా అమ్మ దగ్గర చేరాడు. మొగుడి మీద చెయ్యెత్తిన దాని మొహం చూడనని మా అమ్మ శపథం పట్టింది, పోయేదాకా చూడలేదు. డాక్టరమ్మ మణికట్టు వంకరగా అతుక్కుంది, మళ్ళీ సూది పట్టలేకపోయింది. నేనూ పట్టలేదు. తొంభైల మధ్యలో ఆసుపత్రి మూసి ఆవిడ అక్కగారి దగ్గరికి వెళ్ళిపోయేముందు రోజు కూడా, ఉప్పునీళ్ళలో నిజంగా చూశావా అని ఆవిడ నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

వదిన వేటపాలెం వెళ్ళి జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరింది. జీడిగింజల నూనెకి వేళ్ళు నల్లగా కాలిపోతాయి, ఆ వేళ్ళతోనే పప్పు కొట్టి, అక్కడే వందమంది ఆడవాళ్ళ మీద మేస్త్రీ అయింది. గడ్డం దాచుకోవడం మానేసింది. ఎవరైనా అడిగితే కరెంటు చుక్కలండీ అనేది. తొంభైలు అయిపోవస్తుండగా రేపల్లెలో అన్నయ్య పోతే, సమాధుల తోటకి వచ్చి, అందరి వెనకాల నిలబడి, వరస వచ్చినప్పుడు పిడికెడు మట్టి వేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం ఏడ్చాను. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంటా వస్తుంది, నూనె రాసిన ఆ వీపూ గుర్తొస్తుంది, ఏం చెయ్యను?

కోడలి గడ్డం చూసిన నాలుగో రోజు బుధవారం అయింది. పాసింజరు ఎక్కి వేటపాలెం వెళ్ళాను. వదినకి డెబ్భై దగ్గర పడింది, వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. ఎండ మొహం మీద పడితే ఆ పదిహేడు చుక్కలూ కనపడ్డాయి, ఒక్కొక్క చుక్కలోంచి ఒక్కొక్క తెల్లవెంట్రుక మొలిచి ఉంది. ప్లస్ తగిలినందువల్ల ఆ కుదుళ్ళు చావలేదు. నేను సరిగ్గా చంపినవన్నీ పోయాయి, నేను పాడుచేసినవి మాత్రం బతికి ముసలివయ్యాయి. ఇప్పుడు ఈ చుక్కలు కూడా లేజరుతో పోతాయంట వదినా, మావాడు కారులో తీసుకెళ్తాడు అన్నాను. ఎందుకే, ఉండనీ అంది.

అప్పుడు చెప్పేశాను. ముప్ఫై అయిదేళ్ళపైగా ఎవరికీ చెప్పనిది, నా మొగుడికి కూడా చెప్పకుండా పూడ్చిపెట్టుకున్నది. ఆవేళ ఉప్పునీళ్ళ పరీక్ష చెయ్యకపోవడానికి కరెంటూ కారణం కాదు, కుంకుమా కారణం కాదు. పక్క ఆసుపత్రి నర్సులిద్దరు మ్యాట్నీకి టిక్కెట్లు తీసుకుని నా కోసం రోడ్డు మీద నిలబడ్డారు, టైటిల్స్ అయిపోతాయేమోనని నేను తొందరపడ్డాను. నీ గడ్డం, డాక్టరమ్మ చెయ్యి, నా చెవి, వాడి తల, అన్నీ ఆ రెండు నిమిషాలే వదినా అన్నాను. ఏడుపు ఆగలేదు. తిడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను, మన తరానికి తెలిసిన క్షమాపణ అదొక్కటే కదా.

ఆమె నులకమంచం మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. "ఏ సినిమాకే?" అంది.

నోరు తెరిచాను. పేరు రాలేదు. హీరో ఎవరో గుర్తు లేదు, ఏ హాలో గుర్తు లేదు, బాల్కనీలో కూర్చున్నామని మాత్రం గుర్తుంది. వదిన నా అవస్థ చూసి నవ్వడం మొదలుపెట్టి, నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, నల్లబడ్డ వేళ్ళతో కళ్ళు తుడుచుకుని, "పోనీ బావుందా?" అని అడిగింది. అది కూడా గుర్తు లేదు వదినా అన్నాను.

ఇప్పుడు కోడలు వెళ్ళే క్లినిక్కులో మిషను తనని తానే పరీక్ష చేసుకుని, ఏదైనా తేడా ఉంటే గంట కొట్టి ఆగిపోతుందట. ఎవరూ కప్పులో ఉప్పు కలపనక్కర్లేదు, ఎవరి చెయ్యి తేలికో చూడనక్కర్లేదు. మంచిదే. నా కొడుకు బయట కుర్చీలో కూర్చుని పెళ్ళాం బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కాచుకుంటున్నాడు, అది ఇంకా మంచిది, దానికోసం ఆ పాత రోజులన్నీ పోయినా నాకు బెంగలేదు. కాని తిరుగు పాసింజరులో బాపట్ల దాటాక, పొన్నూరు దాటాక, తెనాలి వచ్చేదాకా కిటికీ పక్కన కూర్చుని ఆ సినిమా పేరు గుర్తు తెచ్చుకోవాలని చూస్తూనే ఉన్నాను. ఇంత జరిగిందానికి ఆ పేరైనా నాకు గుర్తుండాల్సింది.